ఓడినవాళ్లతో మాట్లాడేదెవరు?

2020 డిసెంబర్ 3. గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల పోలింగ్ అయిపోయి రెండు రోజులు. తెల్లారితే లెక్కింపు. ఆ రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం ఒక సర్క్యులర్ పంపింది. కరోనా వల్ల ఆ ఎన్నికల్లో ఈవీఎంలు పక్కనబెట్టి బ్యాలెట్ పేపర్లు వాడారు. ఓటరు చేతికి స్వస్తిక్ ముద్ర ఇవ్వాలి. కొన్ని పోలింగ్ బూత్‌లలో సిబ్బంది పొరపాటున వేరే రబ్బరు స్టాంపు అందించారు. స్వస్తిక్ కాకుండా వేరే ముద్ర పడిన ఓట్లను కూడా చెల్లినట్టే లెక్కించండి అని ఆ సర్క్యులర్ సారాంశం. బీజేపీ రాత్రికి రాత్రే హైకోర్టుకు వెళ్లింది. పొద్దున్నే హైకోర్టు ఉత్తర్వు వచ్చింది: స్వస్తిక్ ఉన్నవే లెక్కపెట్టండి, మిగతావి విడిగా ఉంచండి, అవి మెజారిటీ కంటే ఎక్కువుంటే ఆ డివిజన్ ఫలితం ఆపండి.

నేరేడ్‌మెట్‌లో సరిగ్గా అదే జరిగింది. టీఆర్ఎస్ అభ్యర్థి ఆధిక్యం 504, వేరే ముద్ర పడిన ఓట్లు 544. ఫలితం ఆగింది. మళ్లీ కోర్టు, మళ్లీ వాదనలు. చివరికి డిసెంబర్ 9న ఆ ఓట్లను కూడా లెక్కించి, 782 ఓట్ల తేడాతో టీఆర్ఎస్ గెలిచిందని ప్రకటించారు.

మన దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో ఓల్డ్ మలక్‌పేటలో ఇంకో గొడవ. సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలి ఉండాల్సిన చోట సీపీఎం వాళ్ల సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. పోలింగ్ రద్దుచేసి డిసెంబర్ 3న రీపోలింగ్ పెట్టారు.

ఈ రెండు తగాదాల్లోనూ మధ్యవర్తి పాత్ర లేదు. ఉండకూడదు కూడా. ఏ ముద్ర చెల్లుతుంది, ఏ గుర్తు ఎవరిది, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయి అన్నవి ఎన్నికల సంఘమో న్యాయస్థానమో తేల్చాల్సినవి. మున్సిపల్ ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప ప్రశ్నించకూడదని రాజ్యాంగంలోని 243-జెడ్‌జీ అధికరణం చెబుతోంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు 329 అధికరణం అదే చెబుతోంది. ప్రజాప్రాతినిధ్య చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా పిటిషన్ వేయాలి. వేశాక, మేమిద్దరం రాజీపడ్డాం, కేసు వెనక్కి తీసుకుంటాం అంటే కుదరదు. హైకోర్టు అనుమతి కావాలి. ఆ ఉపసంహరణ వెనక ఏదైనా బేరం ఉందని కోర్టుకు అనిపిస్తే అనుమతి ఇవ్వకూడదని 110వ సెక్షన్ స్పష్టంగా రాసింది. పిటిషనర్ తప్పుకున్నా వేరొకరు ఆ స్థానంలోకి వచ్చి కేసు నడపవచ్చు. ఎందుకంటే ఆ ఓటు అభ్యర్థులిద్దరి సొంత ఆస్తి కాదు, పంచుకోవడానికి. అది ఓటరుది.

మరి మధ్యవర్తిత్వానికి పని ఎక్కడ? లెక్కింపు ముగిసి, కోర్టులో కేసు నడుస్తూనో నడవకుండానో, గెలిచిన వాళ్లూ ఓడిన వాళ్లూ ఒకే వీధిలో బతకాల్సిన మర్నాడు ఉంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచింది ఆ మర్నాటి గురించే.

ఎల్బీనగర్ సంగతే తీసుకోండి. 2020 అక్టోబర్ వానలకు ఇక్కడ కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. వరద సాయం పదివేల కోసం జనం బారులు తీరారు. ఆ వేడిలోనే ఎన్నికలొచ్చాయి. నియోజకవర్గంలోని 11 డివిజన్లూ, అంటే నాగోల్, మన్సూరాబాద్, హయత్‌నగర్, బీఎన్ రెడ్డి నగర్, వనస్థలిపురం, హస్తినాపురం, చంపాపేట, లింగోజిగూడ, కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారం, మొత్తం బీజేపీ గెలిచింది. ఎమ్మెల్యే దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి 2018లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి, 2019లో టీఆర్ఎస్‌లో చేరినవారు. అప్పుడు కార్పొరేటర్లంతా ఒక పార్టీ, ఎమ్మెల్యే మరో పార్టీ, ఎమ్మెల్యేకు ఓటేసిన కాంగ్రెస్ అభిమానులకు ఇద్దరి మీదా కోపం. నాలా పని, సీసీ రోడ్డు, పార్కు గోడ, ఏది మొదలుపెట్టినా శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలి, కొబ్బరికాయ ఎవరు కొట్టాలి అని ప్రోటోకాల్ తగాదా. దీన్ని ఏ కోర్టు తీరుస్తుంది? తీర్చినా ఎన్నేళ్లకు?

ఆ 11 డివిజన్లలో లింగోజిగూడ కథ అందరూ తెలుసుకోవలసింది. అక్కడ గెలిచిన బీజేపీ నాయకుడు ఆకుల రమేశ్‌గౌడ్ ప్రమాణం చేయకముందే, 2020 డిసెంబర్ చివర్లో కరోనాతో చనిపోయారు. ఉప ఎన్నిక వచ్చింది. బీజేపీ నాయకులు కొందరు వెళ్లి అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్‌ను కలిశారు. చనిపోయిన మనిషి కుటుంబం మీద గౌరవంతో పోటీ పెట్టవద్దని కోరారు. ఆయన ఒప్పుకున్నారు, టీఆర్ఎస్ అభ్యర్థిని నిలపలేదు. ఎన్నికల్లో ఒకరినొకరు తిట్టిపోసుకున్న రెండు పార్టీలు ఒక చావు ముందు తలవంచి మాట్లాడుకోవడం మంచి విషయమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ మాట ఇద్దరి మధ్యే జరిగింది. కాంగ్రెస్‌ను ఒప్పించిన వాళ్లు లేరు. బీజేపీలోనే మమ్మల్ని అడగకుండా ఎందుకు వెళ్లారని రచ్చ లేచింది. ఓటరును అడగడమన్నది అసలు లేదు. 2021 ఏప్రిల్ 30న, కరోనా రెండో దెబ్బ నడినెత్తిన ఉండగా పోలింగ్ జరిగింది. మే 3న లెక్క తేలితే కాంగ్రెస్ అభ్యర్థి 1,272 ఓట్లతో గెలిచారు. పై స్థాయిలో ఇద్దరు పెద్దలు కూర్చుని సర్దుబాటు చేసుకుంటే కింద అందరూ సర్దుకుంటారనే నమ్మకం ఎంత బలహీనమో ఈ ఒక్క డివిజన్ చూపించింది.

మధ్యవర్తి అనేవాడు ఏం చేయాలో నాకు పార్టీల దగ్గర కాదు, ఒక అపార్ట్‌మెంట్‌లో తెలిసింది. చైతన్యపురి వైపు, పేరు అక్కర్లేదు. సంఘం ఎన్నికల్లో అధ్యక్ష పదవికి రెండు వర్గాలు. మూడు ఓట్ల తేడా. అద్దెకున్నవాళ్ల ఓట్లు చెల్లుతాయా, విదేశాల్లో ఉన్న ఓనర్లు వాట్సాప్‌లో పంపిన అనుమతి పత్రాలు చెల్లుతాయా అని గొడవ. ఇద్దరు అధ్యక్షులు తయారయ్యారు, రెండు కమిటీలు, రెండు వాట్సాప్ గ్రూపులు. బ్యాంకుకు రెండు జతల సంతకాలు వెళ్లేసరికి మేనేజర్ ఖాతా ఆపేశాడు. సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద ఒక వర్గం ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో కేసు వేసింది. లిఫ్టు మరమ్మతు ఆగింది. ట్యాంకరు వాడు పాత బాకీ ఇస్తేనే వస్తానన్నాడు. నాలుగో అంతస్తులో మోకాళ్ల నొప్పుల ముసలావిడ కిందికి దిగడమే మానేసింది.

అప్పుడు పక్క కాలనీ నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరును పిలిచారు. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి రెండు వర్గాలనూ కూర్చోబెట్టారు. మొదటి మాటే ఒకాయన లేచి, “సార్, ఎవరు గెలిచిండ్రో మీరే తేల్చుండ్రి, మీ మాట మేం కాదనం” అన్నాడు.

“అది నాతోని కాదు బాబూ, కోర్టు తేలుస్తది” అన్నారాయన. “ఈ నెల వాచ్‌మన్ జీతం ఎవరిస్తరు, ముందు అది చెప్పుండ్రి.”

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్నకు వర్గం లేదు. వాచ్‌మన్ యాదయ్య అందరి బండ్లూ కాపలా కాస్తాడు. అక్కడి నుంచి మాట కదిలింది. మాస్టారు ఒక్కో వర్గాన్నీ విడిగా పైకి తీసుకెళ్లి మాట్లాడారు. రెండో వర్గం ముందు అనలేని మాటలు అక్కడ బయటికొచ్చాయి. ఒక వర్గానికి అసలు భయం పదవి పోతుందని కాదు, పాత లెక్కలు తీసి దొంగలని ముద్రేస్తారని. రెండో వర్గానికి కోపం ఓడామని కాదు, ఓటర్ల జాబితా చివరి రోజు దాకా చూపించలేదని. రాత్రి పది దాటాక ఒక కాగితం తయారైంది. కోర్టు తీర్పు వచ్చేదాకా ఖాతా మీద ఒక్కో వర్గం నుంచి ఒకరి సంతకం. ప్రతి ఖర్చూ నోటీసు బోర్డు మీద. పాత లెక్కలు బయటి ఆడిటర్ చూస్తాడు, అంతవరకు ఎవరూ ఎవర్నీ దొంగ అనకూడదు. వచ్చే ఎన్నికకు పదిహేను రోజుల ముందే జాబితా గోడకు అంటించాలి. కేసు మాత్రం అలాగే నడిచింది. లిఫ్టు కూడా నడిచింది.

గెలుపోటముల తీర్పును పక్కన పెట్టి, మిగతా అన్నిటినీ బల్ల మీదికి తెచ్చారు ఆ మాస్టారు. పెద్ద దేశాల్లో, పెద్ద పేరున్న మధ్యవర్తులు ఈ తేడాను పాటించిన చోట నిలబడ్డారు, పాటించలేకపోయిన చోట తడబడ్డారు.

కెన్యాలో 2007 డిసెంబర్ 27న అధ్యక్ష ఎన్నిక జరిగింది. లెక్కింపులో రోజు రోజుకూ అంకెలు మారాయి. డిసెంబర్ 30 సాయంత్రం, అధికారంలో ఉన్న కిబాకీయే గెలిచారని ప్రకటించి, వెంటనే ప్రమాణం చేయించేశారు. ప్రత్యర్థి ఓడింగా ఒప్పుకోలేదు. కొన్నాళ్లకే ఎన్నికల సంఘం అధ్యక్షుడే, కిబాకీ నిజంగా గెలిచారో లేదో తనకు తెలియదని విలేకరులకు చెప్పాడు. దేశం తగలబడింది. వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు, లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. కోర్టుకు వెళ్లమని ప్రభుత్వం అంటే, ఆ కోర్టు మీద మాకు నమ్మకం లేదని ప్రతిపక్షం అంది.

జనవరి 22న ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ నైరోబీలో దిగారు. ఆయనతో మొజాంబిక్ మాజీ మంత్రి గ్రాసా మాషెల్, టాంజానియా మాజీ అధ్యక్షుడు మకాపా. అన్నన్ మొదట చేసింది నాయకులిద్దరితో జనం ముందు చేతులు కలిపించడం. తర్వాత చర్చకు నాలుగు అంశాలు వరుసగా పెట్టారు. హింస ఆపడం ముందు, నిర్వాసితులకు సాయం తర్వాత, అధికారం మాట మూడోది, భూమి, నిరుద్యోగం లాంటి పాత గాయాలు నాలుగోది. ఎవరు గెలిచారనే ప్రశ్నతో మొదలుపెట్టి ఉంటే మొదటి రోజే లేచిపోయేవాళ్లు. రెండు బృందాలు పట్టు వదలకపోతే వాళ్లను త్సావో అడవిలోని ఒక విడిదికి తీసుకెళ్లి, విలేకరులు లేకుండా కూర్చోబెట్టారు. ప్రత్యర్థి పార్టీలు కలిసి ప్రభుత్వం ఎలా నడుపుతున్నాయో చెప్పడానికి ఒక జర్మన్ మంత్రిని పిలిపించారు. చివర్లో బృందాల చర్చలు ఆపేసి, కిబాకీ, ఓడింగాలతో నేరుగా మాట్లాడారు. ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరింది. కిబాకీ అధ్యక్షుడు, ఓడింగాకు కొత్తగా సృష్టించిన ప్రధాని పదవి. ఎన్నికల మీద విచారణకు దక్షిణాఫ్రికా మాజీ న్యాయమూర్తి క్రీగ్లర్‌ను వేశారు. అసలు ఎవరు గెలిచారో తేల్చడమే సాధ్యం కాదని, లెక్క అంతగా చెడిపోయిందని ఆయన సంఘం చెప్పింది. 2010లో కొత్త రాజ్యాంగం వచ్చింది. 2017లో అదే దేశపు సుప్రీంకోర్టు అధ్యక్ష ఎన్నికను రద్దు చేయగలిగింది. పదేళ్ల కిందట ప్రతిపక్షం కోర్టులనే నమ్మని దేశం అది.

ఇందులో నాకు నచ్చని భాగం ఉంది, చెప్పే తీరాలి. కుర్చీ పంచడం. కెన్యా ఒప్పందం కుదిరిన 2008లోనే జింబాబ్వేలో మొదటి విడత ఓటింగులో వెనకబడిన ముగాబే, హింసతో నిండిన రెండో విడత తర్వాత సెప్టెంబర్ ఒప్పందంలో అధ్యక్షుడిగానే మిగిలారు. ఓడినా దిగకుండా మొండికేస్తే సగం కుర్చీ దక్కుతుందని అధికారంలో ఉన్నవాళ్లు నేర్చుకుంటే ఇక ఎన్నికలెందుకు? రక్తం ఆపడానికి తప్పనిసరై చేసినా, ఆ పంపకానికి ఒక గడువు ఉండాలి, మళ్లీ ఓటరు దగ్గరికి వెళ్లే దారి ఉండాలి. ఘనా వాళ్లు ఇంకో పద్ధతి పట్టారు. మత పెద్దలు, సంప్రదాయ పెద్దలు ఉండే జాతీయ శాంతి మండలిని ఎన్నికల ముందే నిలబెట్టుకున్నారు, 2011లో దానికి చట్టం చేశారు. 2012 ఎన్నిక మీద తగాదా వస్తే అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీర్పు వచ్చాక ఓడిన అభ్యర్థి ఒప్పుకున్నాడు. నాకు ఈ దారే సరైనదనిపిస్తుంది.

ఇదంతా ఆఫ్రికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు 2024 మే రెండో వారంలో ఎల్బీనగర్ చౌరస్తా ఎలా ఉందో గుర్తుచేసుకోండి. మే 13న తెలంగాణలో లోక్‌సభకు, ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకే రోజు పోలింగ్. విజయవాడ రోడ్డెక్కే బస్సుల కోసం సంచులు, పిల్లలతో జనం. గుంటూరు, పల్నాడు, కృష్ణా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, కొత్తపేట, వనస్థలిపురం ఇళ్లలో ఉంటున్నవాళ్లు ఓటు కోసం సొంతూళ్లకు కదిలారు. ఆ రోజు, ఆ తర్వాత పల్నాడులో, తాడిపత్రిలో, చంద్రగిరిలో రాళ్లు, కర్రలు, పెట్రోలు బాంబులు. మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ బూత్‌లో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శినీ డీజీపీనీ ఢిల్లీకి పిలిపించింది, ఎస్పీలను సస్పెండ్ చేయించింది, లెక్కింపు తర్వాత కూడా 15 రోజులు కేంద్ర బలగాలను అక్కడే ఉంచమంది. అది అవసరమే. కానీ బలగాలు వెళ్లిపోయిన పదహారో రోజు?

పల్నాడు గ్రామాల్లో ఆ పదహారో రోజు ఎలా ఉంటుందో 2019లోనే తెలిసింది. ప్రభుత్వం మారాక తెలుగుదేశం కుటుంబాలు ఊళ్లు వదిలి వచ్చాయని గుంటూరులో ఆ పార్టీ శిబిరం పెట్టింది. వాళ్లను తీసుకెళ్తామని సెప్టెంబర్ 11న చలో ఆత్మకూరు పిలుపు, గృహనిర్బంధాలు. 2024లో ప్రభుత్వం మళ్లీ మారాక, ఈసారి మావాళ్లు ఊళ్లు వదలాల్సి వచ్చిందని వైఎస్సార్‌సీపీ అంది. పార్టీలు మారాయి, ఊరి వీధి అదే. ఒక ఇంటివాళ్లు తిరిగి ఊళ్లోకి రావాలంటే పోలీసు జీపు వెనక వస్తే సరిపోదు. పొలానికి నీళ్లు వదులుతారా, కొట్లో సరుకు ఇస్తారా, బడిలో పిల్లల్ని ఏమంటారు, రెండు వైపులా పెట్టిన కేసుల్లో వేటిని రాజీ చేసుకోవచ్చు అని కూర్చుని మాట్లాడాలి. చిన్న దెబ్బల కేసులను చట్టం ఒప్పుకున్నమేరకు లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. హత్యాయత్నం లాంటివి రాజీకి రావు, రాకూడదు. ఎన్నికలకు ముందు రెండు పార్టీల వాళ్లనూ బైండోవర్ చేయడం పోలీసులకు అలవాటు. ఎన్నికల తర్వాత వాళ్లను ఒకచోట కూర్చోబెట్టే అలవాటు మాత్రం ఎవరికీ లేదు.

ఊరి పెద్దమనుషులున్నారుగా అనవచ్చు. వాళ్ల మీద నాకు అభిమానమూ ఉంది, భయమూ ఉంది. సర్పంచ్ పదవిని వేలం పెట్టి ఏకగ్రీవమని పేరు పెట్టేదీ వాళ్లే. కులంలో, భూమిలో పైచేయి ఉన్నవాడు రచ్చబండ మీద కూర్చుంటే, ఓడినవాడు తల ఊపడం ఒప్పుకోవడం కాదు. మధ్యవర్తి ఎదుటివాడికి వద్దని లేచిపోగల స్వేచ్ఛ ఇవ్వాలి. అది లేనిచోట జరిగేది ఒత్తిడే.

తెలుగు నేల మీద నేను గౌరవించే మధ్యవర్తి ఎస్.ఆర్. శంకరన్. ఐఏఎస్ అధికారిగా ఉండగా 1987 డిసెంబర్‌లో గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ దళం ఎత్తుకెళ్లిన అధికారుల్లో ఆయన ఒకరు. పదేళ్ల తర్వాత, ఆయనే పౌరుల పక్షాన ఒక కమిటీకి పెద్దగా నిలబడి, ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ ఇద్దరినీ ప్రశ్నించారు. న్యాయవాది కన్నబిరాన్, సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు వంటివారు ఆయనతో ఉన్నారు. 2004 ఎన్నికల తర్వాత అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వమూ విప్లవ పార్టీలూ ఎదురెదురుగా కూర్చున్నాయంటే వెనక వాళ్ల ఏళ్ల తరబడి ఓపిక ఉంది. ఆ చర్చలు నిలవలేదు, 2005 జనవరికల్లా తెగిపోయాయి. అయినా శంకరన్‌ను అమ్ముడుపోయాడని ఏ వైపూ అనలేకపోయింది. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు, ఇద్దరి తప్పులూ ఇద్దరి ముందే కాగితం మీద పెట్టారు. రాజకీయ తగాదాలో కూర్చోవాలనుకునేవాళ్లకు ఆ నమ్మకం ముందునుంచీ సంపాదించుకున్నదై ఉండాలి. గొడవ మొదలయ్యాక అది పుట్టదు.

2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఒక చిన్న అధ్యాయం ఉంది, దాని మీద ఎక్కువమంది మాట్లాడటం లేదు. ఒక ప్రాంతంలో శాంతి సామరస్యాలకు భంగం కలిగించే తగాదాను, ఇరుపక్షాలూ ముందుగా ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తుల బృందం ముందు పెట్టవచ్చు. ఆ ముగ్గురు స్థానికంగా గౌరవం ఉన్నవాళ్లో, కాలనీ సంఘాల ప్రతినిధులో, మధ్యవర్తిత్వంలో అనుభవం ఉన్నవాళ్లో కావచ్చు. మహిళల ప్రాతినిధ్యాన్నీ చూడమంది. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ బలం ఉండదు, దాన్ని నిలబెట్టేది జనమే. చట్టంలోని సెక్షన్లన్నిటినీ ఒకేసారి అమల్లోకి తేలేదు. కానీ ఆ పద్ధతిని స్వచ్ఛందంగా పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీ సంఘాలకు నా విన్నపం ఇది. వచ్చే కార్పొరేషన్ ఎన్నికల నామినేషన్లకు ముందే ప్రతి డివిజన్‌కూ ముగ్గుర్ని ఎంచుకోండి, అందులో కనీసం ఒక మహిళ. ఏ పార్టీ జెండా మోయనివాళ్లు, అన్ని పార్టీల అభ్యర్థులూ సంతకం పెట్టి ఒప్పుకున్నవాళ్లు. ఓట్ల లెక్క జోలికి వాళ్లు వెళ్లరాదు. లెక్కింపు రోజు ఊరేగింపు ఏ దారిన వెళ్లాలి, ఓడినవాళ్ల ఇంటిముందు డీజే పెట్టవచ్చా, వాట్సాప్‌లో తిరిగే అబద్ధాన్ని ఎవరు ఖండించాలి, శంకుస్థాపన రోజు ఎవరెవర్ని పిలవాలి, ఇవి వాళ్ల పని. శిక్షణ కావాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ప్రాంగణంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. వెళ్లి అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆ కాల్‌కు డబ్బులు పడవు.